బ్లడ్ క్యాన్సర్ గ్రాంట్ అప్లికేషన్ ఒకసారి తిరిగొచ్చింది, ఈసారి ఎలా రాయాలి?

తుంగభద్ర
ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నేను రాయలసీమలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో పిల్లల విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మా వార్డుకు ఏడాదికి 45 మంది దాకా పిల్లలు కొత్తగా ఏఎల్ఎల్‌తో వస్తారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ ఇదే.

పోయినేడాది మొదటిసారి రీసెర్చ్ గ్రాంట్‌కి అప్లై చేశాను. తెలుగు పిల్లల్లో ఏఎల్ఎల్ జన్యుమార్పులన్నీ సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలను వరసగా చదవడం) చేసి చూడాలని ప్రపోజల్. బడ్జెట్ 1 కోటి 62 లక్షలు, అందులో మెషీన్‌కే 70 లక్షలు. ఎనిమిది నెలల తర్వాత మూడు వాక్యాల జవాబు వచ్చింది. లక్ష్యం మరీ పెద్దది, శాంపిల్ సైజుకి ఆధారం చూపలేదు, సీక్వెన్సింగ్‌లో పీఐకి (ప్రాజెక్టు నడిపే ముఖ్య పరిశోధకురాలికి, అంటే నాకు) అనుభవం లేదు అని.

డ్యూటీ అయ్యాక, మా బాబు పడుకున్నాక రాత్రుళ్లు కూర్చుని రాసిన 40 పేజీలు అవి. వారం రోజులు ఆ ఫైలు తెరవబుద్ధి కాలేదు. ఇప్పుడు మళ్లీ రాద్దామనుకుంటున్నాను. ఏ సంస్థకి పంపితే మంచిది, ఎక్కడ పొరపాటు చేశాను, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పైపెట్
ఆదివారం, రాత్రి 11:20

మేడమ్, నేను పీహెచ్‌డీ నాలుగో ఏడు, ల్యుకేమియా (బ్లడ్ క్యాన్సర్) ల్యాబ్‌లోనే ఉన్నాను. నాకు తెలిసినంతలో చెప్తాను. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌లో చిన్న గ్రాంట్లు, మధ్యస్థ గ్రాంట్లు అని రెండు రకాలున్నాయి. ఈ మధ్య వచ్చిన కాల్స్‌లో (అప్లికేషన్లు పిలిచే ప్రకటనల్లో) చిన్నదానికి మూడేళ్లకు 2 కోట్ల వరకు అడగొచ్చు. 2023 చట్టంతో వచ్చిన కేంద్ర పరిశోధన నిధుల సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ ఇప్పుడు పాత ఎస్ఈఆర్‌బీ స్థానంలో ఉంది. అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ప్రధానమంత్రి పేరుతో ఎర్లీ కెరీర్ గ్రాంట్ ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం డీబీటీ ఉంది. హైదరాబాద్‌లోనే ఆఫీసున్న ఇండియా అలయన్స్ 2008 నుంచీ ఫెలోషిప్‌లు ఇస్తోంది, డాక్టర్లకు విడిగా ఉంటాయి.

ఒక్క మాట, ఏమనుకోకండి. ఇప్పుడు అందరి దృష్టీ కార్-టి (రోగి తెల్లకణాలనే ల్యాబ్‌లో మార్చి క్యాన్సర్ మీదికి పంపే వైద్యం) మీద ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్లు చేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చాక ఎవరిని కదిపినా అదే మాట. ప్రపోజల్‌లో ఆ కోణం కొంచెం కలిపితే బాగుంటుందేమో.

పాత_రివ్యూయర్
సోమవారం, ఉదయం 6:15

తుంగభద్ర గారూ, నేను హెమటాలజీ ప్రొఫెసర్‌గా రిటైరయ్యాను. గ్రాంట్ కమిటీల్లో చాలా ఏళ్లు కూర్చున్నాను. తిరిగొచ్చినందుకు బాధపడకండి. మొదటి అప్లికేషన్ తిరిగి రానివాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. నాదీ తిరిగొచ్చింది.

పైపెట్ బాబూ, సంస్థల గురించి బాగా చెప్పావు. కార్-టి మాట మాత్రం వద్దు. సెల్స్ తయారుచేసే సదుపాయం లేని చోటు నుంచి ఆ పేరుతో ప్రపోజల్ వస్తే కమిటీలో రెండు నిమిషాలు కూడా నిలవదు.

సంస్థ సంగతి తర్వాత చూద్దాం. మేడమ్, ముందు మీ ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి.

తుంగభద్ర
సోమవారం, మధ్యాహ్నం 2:05

సర్, "తెలుగు పిల్లల్లో ఏఎల్ఎల్‌కి సంబంధించిన జన్యుమార్పులను గుర్తించడం."

పాత_రివ్యూయర్
సోమవారం, మధ్యాహ్నం 3:40

అది విషయం. ప్రశ్న కాదు. ప్రశ్నకు జవాబు అవును అనో, కాదు అనో, ఇంత అనో రావాలి. ఇంకోలా అడుగుతాను. గత మూడు నాలుగు నెలల్లో మీ వార్డులో ఏ పిల్లని చూసినప్పుడు "ఇలా ఎందుకైంది, పుస్తకంలో దీనికి జవాబు లేదే" అనిపించింది? సైన్స్ భాష వద్దు, జరిగింది జరిగినట్టు చెప్పండి.

తుంగభద్ర
సోమవారం, రాత్రి 11:30

సర్, ఆలోచించాల్సిన అవసరమే లేకపోయింది, వెంటనే గుర్తొచ్చింది.

ఏడేళ్ల పాప. మొదటి కీమోలన్నీ బాగా తట్టుకుంది. బోన్‌మ్యారో శుభ్రంగా ఉంది. మెయింటెనెన్స్‌లోకి (జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం ఇంట్లోనే మాత్రలు వేసే దశ) వచ్చాక రోజూ రాత్రి 6-మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ రాసి ఇంటికి పంపాం. "ఇంక కష్టమైన భాగం అయిపోయిందమ్మా" అని వాళ్లమ్మకి నేనే చెప్పాను. మూడో వారం జ్వరంతో తెచ్చారు. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 200కి పడిపోయాయి. పదకొండు రోజులు వార్డులో ఉంది. మొదటి నాలుగు రోజులు నేను ఇంటికెళ్లినా నిద్ర పట్టలేదు. కోలుకుంది. మళ్లీ తక్కువ డోసుతో మొదలుపెడితే మళ్లీ కౌంట్ పడిపోయింది.

అదే నెలలో దాదాపు అంతే బరువున్న ఒక బాబు, అదే డోసు, అదే కంపెనీ మాత్ర. వాడికేం కాలేదు. స్కూలుకి కూడా వెళ్తున్నాడు.

మా వార్డులో ఇలా అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంటుంది. డోసు తగ్గిస్తాం, ఆపుతాం, మళ్లీ మొదలుపెడతాం. ఎవరికి ఇలా అవుతుందో ముందే తెలిసే దారి మా దగ్గర లేదు.

పాత_రివ్యూయర్
మంగళవారం, ఉదయం 5:50

మీ ప్రపోజల్ ఇదే మేడమ్. పోయినేడాది 40 పేజీల్లో లేనిది ఈ నాలుగు పేరాల్లో ఉంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కొంచెం వివరిస్తాను. 6-మెర్కాప్టోప్యూరిన్‌ని శరీరం ఎలా వాడుకుంటుందన్నది కొన్ని జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. యూరప్‌వాళ్లలో టీపీఎంటీ ముఖ్యం. మన ఆసియావాళ్లలో ఎక్కువగా తేడా తెచ్చేది ఎన్‌యూడీటీ15. దాంట్లో 415వ స్థానంలో సి బదులు టి ఉంటే, మందు నుంచి తయారయ్యే చురుకైన రూపం కణాల్లో పేరుకుపోయి తెల్లకణాలు పడిపోతాయి. 2014లో కొరియాలో, ఇదే జాతి మందు వాడే పేగువాపు రోగుల్లో మొదట బయటపడింది. 2015లో ల్యుకేమియా పిల్లల్లోనూ చూపించారు. ప్రతి జన్యువుకీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు కాపీలుంటాయి; ఆ అధ్యయనంలో రెండు కాపీలూ మారిన పిల్లలు మామూలు డోసులో పదో వంతు కూడా తట్టుకోలేకపోయారు.

అయితే "మన పిల్లల్లో ఈ మార్పు ఎంతమందికి ఉంది" అని మాత్రం అడగకండి. లెక్కలు ఇప్పటికే వచ్చాయి, కమిటీలో ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అసలు ఖాళీ ఇంకోచోట ఉంది. 2018లో వచ్చిన సీపిక్ (జన్యువును బట్టి మందు డోసు సూచించే నిపుణుల బృందం) మార్గదర్శకాలు, ఒక కాపీ మాత్రమే మారిన పిల్లలకు డోసు తగ్గించి మొదలుపెట్టమంటాయి. కానీ అది ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు రోజుకు 75 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువతో మొదలుపెట్టే చోట. అంతకంటే తక్కువతో మొదలుపెట్టేవాళ్లకు తగ్గించాల్సిన అవసరం ఉండకపోవచ్చని అవే చెప్తాయి. మీరు ఎంతతో మొదలుపెడతారు?

తుంగభద్ర
మంగళవారం, ఉదయం 8:10

60 సర్!

పాత_రివ్యూయర్
మంగళవారం, ఉదయం 8:25

చూశారా. 60తో మొదలుపెట్టినప్పుడు, బక్కచిక్కి ఉన్న మన పిల్లల్లో, ఒక కాపీ మారినవాళ్లకు ఆ డోసు సరిపోతుందా, ఎక్కువవుతుందా? దీనికి జవాబు దొరికితే మర్నాటి నుంచే మీ వార్డులో చీటీ మీద రాసే అంకె మారుతుంది. గ్రాంట్ కమిటీ వెతికేది దాన్నే.

మన వార్డులో పుట్టిన ప్రశ్న చిన్నదని అనుకోకండి. వెల్లూరు సీఎంసీవాళ్లు ఏపీఎల్ అనే ల్యుకేమియాకి ఒక్క ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌తోనే వైద్యం చేసి, 72 మంది రోగుల ఫలితాలను 2006లో ప్రచురించారు. ఖరీదైన మందులు కొనలేని రోగులను చూసి మొదలైన పని అది. దేశదేశాల హెమటాలజిస్టులు దాన్ని చదివారు.

చార్లెస్_నది
మంగళవారం, ఉదయం 9:02

అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, బోస్టన్‌లో. ఈ థ్రెడ్ చదువుతుంటే ఒళ్లు పులకరించింది. మేడమ్, మీరు రాసిన రెండు మందుల్లో మెథోట్రెక్సేట్ వెనుక మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం తయారుచేసిన, మెథోట్రెక్సేట్‌కి దగ్గరి చుట్టమైన అమినోప్టెరిన్‌నే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఇక్కడి పిల్లల ఆసుపత్రిలో 1947 చివర్లో వాడటం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో పేపర్ వచ్చింది. 16 మంది పిల్లలు, పదిమందికి కొన్నాళ్లు గుణం కనిపించింది. రెండు నెలలకే ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

నేను రోజూ ఆ ఆసుపత్రి ముందు నుంచే ట్రామ్ దిగి నడుస్తాను. మన తెలుగు పిల్లల మీద మీరు రాసే ప్రపోజల్ ఆయన పేరుతో మొదలవ్వాలని నా కోరిక.

ఇంకో విషయం, డబ్బు గురించి. ఆ పనికి జనం దగ్గర చందాలు వసూలు చేయడానికి 1948 మే నెలలో జిమ్మీ అని పేరు పెట్టి ఒక పిల్లవాడిని రేడియోలో మాట్లాడించారు. ఆ ఏడాదే 2 లక్షల 31 వేల డాలర్లకు పైగా వచ్చాయి. కొన్ని విదేశీ గ్రాంట్లు కూడా మీరు చూడాలి. అమెరికన్ హెమటాలజీ సొసైటీ వాళ్ల గ్లోబల్ రీసెర్చ్ అవార్డు అమెరికా, కెనడాల బయట పనిచేసేవాళ్ల కోసమే పెట్టినది.

పాత_రివ్యూయర్
మంగళవారం, సాయంత్రం 6:30

సుబ్బారావు గారి మాట చదివి నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ప్రపోజల్‌లో ఆయనకు ఒక వాక్యం చాలు. నేపథ్యం పేజీలో చరిత్ర ఎక్కువైతే, చెప్పడానికి సొంత డేటా లేదేమోనన్న అనుమానం వస్తుంది. ఆ 16 మంది పేపర్ నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఎంతమంది, ఏమిచ్చారు, ఏమైంది అన్నది సూటిగా కనబడుతుంది.

విదేశీ గ్రాంట్ తప్పేం కాదు. కాకపోతే విదేశీ నిధులతో ఆరోగ్య పరిశోధన అంటే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, రక్తం శాంపిల్ దేశం దాటితే ఇంకా కాగితాలుంటాయి. మొదటి గ్రాంట్ ఇక్కడిదే తీసుకోండి. ఈ ప్రశ్నకు ఐసీఎంఆర్ చిన్న గ్రాంట్ సరిపోతుంది. రెండోదానికి ప్రపంచమంతా తిరగొచ్చు.

మెషీన్ తీసేయండి మేడమ్. జన్యువులో ఒక్క స్థానం చూడటానికి మామూలు పీసీఆర్ పరీక్ష చాలు. ఏ యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగమైనా చేస్తుంది. వాళ్లను కో-పీఐగా పెట్టుకోండి. "పీఐకి అనుభవం లేదు" అన్న మాటకు అదే జవాబు.

గణాంకం
మంగళవారం, రాత్రి 9:45

నేను బయోస్టాటిస్టిక్స్ (వైద్య గణాంకాలు) పాఠాలు చెప్తాను. శాంపిల్ సైజు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే లెక్క వేద్దాం. ప్రపోజల్ రాశాక ఆఖరి రోజు "సర్, ఒక నంబర్ ఇవ్వండి" అని ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా చేయకండి.

పదిమందిలో ఒకరికి ఒక కాపీ మారి ఉంటుందనుకుందాం. మామూలు పిల్లల్లో మొదటి మూడు నెలల్లో 30 శాతం మందికి కౌంట్ బాగా పడిపోతుందని, మార్పున్నవాళ్లలో 70 శాతం మందికి పడుతుందని అనుకుందాం. మీ ఫైళ్లు చూసి ఈ అంకెలు సరిచేయాలి.

60 మంది పిల్లలతో చేస్తే మార్పున్నవాళ్లు ఆరుగురే వస్తారు. తేడా నిజంగా ఉన్నా అది బయటపడే అవకాశం సగానికి సగమే. నాణెం ఎగరేసినట్టే. 120 మంది అయితే పన్నెండుగురు వస్తారు, అవకాశం 80 శాతానికి చేరుతుంది. మధ్యలో పదిశాతం మంది రాకుండా పోతారనుకుంటే 134 మందిని చేర్చుకోవాలి.

ఇప్పుడు మీరు చెప్పండి. 45 మంది కొత్త పిల్లల్లో మెయింటెనెన్స్ దాకా చేరేది ఎందరు?

తుంగభద్ర
బుధవారం, ఉదయం 7:00

రాత్రి రిజిస్టర్ తీసి లెక్కపెట్టాను. గత మూడేళ్ల సగటు 32. మిగతావాళ్లు... కొందరు మొదటి నెలలోనే ఇన్ఫెక్షన్‌తో పోయారు. కొందరు మధ్యలో వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ఇద్దరు ముగ్గురి అడ్రస్ పక్కన ఫోన్ నంబర్ కూడా లేదు. ఈ అంకె నేను ఇంతవరకూ ఎప్పుడూ కూర్చుని లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాక చాలాసేపు అలాగే ఉండిపోయాను.

గణాంకం
బుధవారం, ఉదయం 7:40

మేడమ్, ఆ అంకెను దాచకండి, ప్రపోజల్‌లో పెట్టండి. మీ వార్డును మీరు ఎరుగుదురని చెప్పేది అదే.

మూడేళ్ల గ్రాంట్‌లో మొదటి ఆరు నెలలు మనుషుల్ని తీసుకోవడానికి, కాగితాలకు పోతాయి. చివర ఏడాది ఫాలోఅప్‌కి. పిల్లల్ని చేర్చుకోవడానికి మిగిలేది 18 నెలలు. 32 లెక్కన 48 మందే వస్తారు. మీ ఒక్క ఆసుపత్రితో ఇది జరగదు. ఏడాదికి 60 మంది మెయింటెనెన్స్‌కి చేరే రెండో సెంటర్ కావాలి. అప్పుడు 18 నెలల్లో 138. అది కూడా అందరూ ఒప్పుకుంటేనే. చేర్చుకునే గడువు 20 నెలలకు పెంచితే 153 మంది అవుతారు, ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇప్పటికే మెయింటెనెన్స్‌లో ఉన్న పిల్లల్ని కలిపేద్దామన్న ఆలోచన వస్తుంది. వద్దు. మందు పడక ఇబ్బందిపడినవాళ్లకు ఈపాటికే డోసు తగ్గించి ఉంటారు, లేదా వాళ్లు లేకపోయి ఉంటారు. తట్టుకున్నవాళ్లే ఎక్కువగా లెక్కలోకి వస్తారు.

చిన్నోడి_అమ్మ
బుధవారం, మధ్యాహ్నం 1:15

డాక్టర్లందరికీ నమస్కారం. నేను డాక్టర్‌ని కాదు. మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు ఏఎల్ఎల్ వచ్చింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు, మందులు ఆపి మూడేళ్లు దాటింది. బాగున్నాడు. ఇక్కడ పెద్దవాళ్ల మధ్య రాయొచ్చో లేదో తెలియదు కానీ ఆ మాత్ర పేరు చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మా వాడి చీటీలో వారంలో నాలుగు రోజులు ఒక మాత్ర, మూడు రోజులు అర మాత్ర అని ఉండేది. మాత్ర చూస్తే ఇంతే. బ్లేడుతో మధ్యకు కోస్తే ఒక్కోసారి సరిగ్గా రెండు ముక్కలయ్యేది. ఒక్కోసారి పొడి పొడి అయిపోయేది. ఆ పొడిలో సగం ఎంతో నాకేం తెలుస్తుంది? తేనెలో వేసి నాకించేదాన్ని. మిగతా సగం కాగితంలో చుట్టి ఉప్పు డబ్బా మీద పెట్టేదాన్ని. మా అత్తగారు ఒకసారి చెత్త అనుకుని ఊడ్చేసింది. క్యాలెండర్‌లో ఒక మాత్ర రోజు చుక్క, అర మాత్ర రోజు గీత పెట్టుకునేదాన్ని. పండక్కి ఊరెళ్తే క్యాలెండర్ ఇంట్లోనే ఉండిపోయేది.

ఒకసారి మా వాడికి కౌంట్ పెరిగిపోయింది. డాక్టర్ గారు "మందు సరిగ్గా వేస్తున్నారా" అని అడిగారు. వేస్తున్నాను సార్ అన్నాను. నిజానికి ఆ నెల మా నాన్న పోతే ఆరు రోజులు వేయలేదు. చెప్పడానికి భయమేసింది, తిడతారని. డోసు పెంచారు. తర్వాతి నెల కౌంట్ పడిపోయింది. అది నా వల్లే అని ఎన్నో రాత్రులు ఏడ్చాను.

మీరు జన్యువు చూస్తారు సరే. ఇంట్లో మాత్ర ఎలా వేస్తున్నారో ఎవరు చూస్తారు?

పైపెట్
బుధవారం, మధ్యాహ్నం 1:50

అక్కా, మీరు రాయడం చాలా మంచిదైంది. ఆరేళ్లుగా ఈ మందు గురించి చదువుతున్నాను. మాత్రని కోయాల్సి వస్తుందన్న సంగతి ఒక్కరోజూ నా బుర్రకు తట్టలేదు.

గణాంకం
బుధవారం, సాయంత్రం 5:10

అమ్మా, మీరు చెప్పినదానితో నా లెక్క మొత్తం మారుతుంది. జన్యువు మామూలుగా ఉన్న పిల్లవాడికి పొరపాటున ఎక్కువ మందు పడితే కౌంట్ పడిపోతుంది. జన్యువు మారిన పిల్లకు మందు సగం రోజులే పడితే కౌంట్ బాగానే ఉంటుంది. వేసిన మాత్రల లెక్క లేకపోతే జన్యువు ప్రభావం మసకబారిపోతుంది. మేడమ్, మాత్రల లెక్క తప్పనిసరి.

పాత_రివ్యూయర్
బుధవారం, రాత్రి 8:00

అమ్మా, నన్ను క్షమించండి. ఇన్నేళ్ల సర్వీసులో "మందు సరిగ్గా వేస్తున్నారా" అన్న ప్రశ్న నేనూ అలాగే అడిగాను. దానికి "వేస్తున్నాం సార్" తప్ప ఇంకో జవాబు చెప్పే వీలు నేను ఎవరికీ ఇవ్వలేదని ఇప్పుడు అర్థమవుతోంది. మీ అబ్బాయికి జరిగింది మీ వల్ల కాదు. కోసిన మాత్రల మీద, క్యాలెండర్ గీతల మీద మొత్తం భారం మీ ఒక్కరిమీద వేసింది మేమే.

ఇది ప్రపోజల్‌కి చాలా ముఖ్యం కూడా. 2012లో అమెరికాలో చేసిన అధ్యయనంలో, ఈ మాత్రలు 95 శాతం కంటే తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరిగిందని తేలింది. అంటే నెలలో రెండు రోజులు తప్పినా గీత దాటినట్టే. తుంగభద్ర గారూ, రెండో లక్ష్యం మీకు దొరికింది.

మొదటి లక్ష్యంలో ఒక ఎథిక్స్ చిక్కుంది, అది కూడా ఇప్పుడే చూసుకోండి. రెండు కాపీలూ మారిన పిల్లవాడు మీ పరీక్షలో బయటపడితే, అధ్యయనం పేరుతో అతనికి 60 ఇచ్చి చూస్తూ కూర్చోవడం కుదరదు. ఫలితం వెంటనే వైద్యం చేసే డాక్టర్‌కి చేరాలి, డోసు మార్గదర్శకం ప్రకారం తగ్గాలి. కాబట్టి పీసీఆర్ శాంపిళ్లు ఏడాది చివర మూటగట్టి చేయకండి. ప్రతి పిల్లవాడికీ మెయింటెనెన్స్ మొదలవ్వకముందే చేయండి. అది ప్రోటోకాల్‌లో స్పష్టంగా రాయండి. ఒక కాపీ మారినవాళ్ల విషయంలో 60 దగ్గర ఏం చేయాలో ఎవరికీ గట్టిగా తెలియదు కాబట్టి, మామూలుగా వైద్యం చేస్తూ గమనించడం న్యాయమే.

చిన్నోడి_అమ్మ
బుధవారం, రాత్రి 9:30

సార్, మీరు క్షమించమనడం పెద్దమాట. రక్తం గురించి ఒక్క మాట చెప్తాను. దీనికోసం విడిగా ఇంకో సూది గుచ్చకండి. ఎలాగూ కౌంట్ కోసం తీస్తారు కదా, అందులోంచే ఒక చిన్న ట్యూబు తీసుకోండి. విడిగా గుచ్చుతామంటే నేనైతే ఒప్పుకునేదాన్ని కాదు.

తుంగభద్ర
బుధవారం, రాత్రి 11:10

అలాగే చేస్తానమ్మా, మాటిస్తున్నాను.

ఫైలు_నంబర్
గురువారం, ఉదయం 10:20

నేను ఒక సంస్థలో గ్రాంట్స్ సెక్షన్ అకౌంట్స్ చూస్తాను. సైన్స్ బాగా నడుస్తోంది. డబ్బు సంగతి నేను చెప్తాను. మేడమ్, బడ్జెట్ ఎంత వేశారు?

తుంగభద్ర
గురువారం, మధ్యాహ్నం 3:00

రెండు సెంటర్లలో ఒక్కో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో). నెలకు 37,000 చొప్పున 36 నెలలు, ఇద్దరికీ కలిపి 26 లక్షల 64 వేలు. మిగతాది పీసీఆర్ సామాను, ప్రయాణం, కంటింజెన్సీ.

ఫైలు_నంబర్
గురువారం, మధ్యాహ్నం 3:35

ఇదే నేను రోజూ చూసే తప్పు. 37,000 మీద హెచ్ఆర్ఏ ఉంటుంది. చిన్న పట్టణంలో 10 శాతం, హైదరాబాద్ లాంటి చోట 30 శాతం. రెండేళ్లు పూర్తయ్యాక జేఆర్ఎఫ్ ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అవుతారు, 42,000 ఇవ్వాలి. రెండో సెంటర్ హైదరాబాద్‌లో అనుకుంటే, ఇద్దరికీ కలిపి 33 లక్షల 40 వేలు అవుతుంది. మీ లెక్క దానికంటే దాదాపు ఏడు లక్షలు తక్కువ. మూడో ఏడు ఆ ఇద్దరికీ జీతం ఎక్కణ్నుంచి తెస్తారు? సంస్థ పోస్టుకి వేరే పేరు, వేరే జీతం పెట్టి ఉంటే దాని ప్రకారం వేసుకోండి.

ఇంకొకటి. ఏడాది ఖర్చు మార్చి 31కి ముగించి జీఎఫ్ఆర్ 12ఏ ఫారంలో యూసీ (డబ్బు దేనికి వాడారో చెప్పే సర్టిఫికెట్) పంపాలి. అది వెళ్లకపోతే రెండో ఏడాది డబ్బు రాదు. ఏప్రిల్‌లో మొదలుపెడదాం అనుకోకండి, ఫిబ్రవరిలోనే బిల్లులు సర్దండి.

పైపెట్
గురువారం, సాయంత్రం 4:15

ఫైలు_నంబర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను పీహెచ్‌డీకి ముందు ఒక ప్రాజెక్టులో పనిచేశాను. యూసీ ఆలస్యమై నాలుగు నెలలు స్టైపెండ్ రాలేదు. హాస్టల్ మెస్ బిల్లు అప్పు చేసి కట్టాను, ఇంట్లో చెప్పలేదు. శాంపిళ్లు మాత్రం రోజూ వచ్చేవి, వాటిని వదిలేసి వెళ్లలేం కదా. మేడమ్, మీ దగ్గర చేరే వాళ్లకు అలా జరగకుండా చూడండి. గ్రాంట్ ఆలస్యమైతే కాలేజీ అడ్వాన్స్ ఇచ్చేలా ముందే ఒక ఉత్తరం తీసుకోండి.

ట్రస్ట్_డాక్టర్
గురువారం, రాత్రి 8:50

మధ్యలో వచ్చినందుకు సారీ. మాది ట్రస్ట్ ఆసుపత్రి. మేం కూడా ఇలా అప్లై చేయొచ్చా, లేక ప్రభుత్వ సంస్థలకేనా?

ఫైలు_నంబర్
గురువారం, రాత్రి 9:05

చేయొచ్చు సర్. మీ ఆసుపత్రికి డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం) నుంచి పరిశోధన సంస్థగా గుర్తింపు ఉండాలి. ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్) నంబర్ కూడా అడుగుతారు. గుర్తింపు రావడానికి టైం పడుతుంది కాబట్టి కాల్ వచ్చేదాకా ఆగకండి.

తుంగభద్ర
తర్వాతి ఆదివారం, రాత్రి 11:45

అందరూ చెప్పినవన్నీ పెట్టి మళ్లీ రాశాను. లక్ష్యాలు రెండే.

మొదటిది: చదరపు మీటరుకు 60 మి.గ్రా.తో మొదలుపెట్టినప్పుడు, ఎన్‌యూడీటీ15 ఒక కాపీ మారిన పిల్లలకు మొదటి మూడు నెలల్లో న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గే అవకాశం మిగతా పిల్లల కంటే ఎంత ఎక్కువ?

రెండోది: ఇంట్లో నిజంగా వేసిన మాత్రలెన్ని? ప్రతి విజిట్‌కీ ఖాళీ స్ట్రిప్పులు, మిగిలిన ముక్కలు తెమ్మని చెప్పి లెక్కపెడతాం. చుక్క, గీత ఉన్న చిన్న కార్డు అచ్చువేసి ఇస్తాం, పర్సులో పట్టేంత. ఊరెళ్లినా వెంట ఉంటుంది. మాత్ర కోసే ప్లాస్టిక్ డబ్బా ఒక్కొక్కరికి ఒకటి. దానికి బడ్జెట్‌లో విడిగా లైను పెట్టాను.

ఏడేళ్లు నిండిన పిల్లల దగ్గర వాళ్ల సమ్మతి కూడా తీసుకుంటాం. పన్నెండు దాటితే రాతపూర్వకంగా. రెండో సెంటర్‌వాళ్లు ఒప్పుకున్నారు, ఉత్తరం మంగళవారానికి ఇస్తామన్నారు. పీసీఆర్‌కి యూనివర్సిటీలో ఒక మేడమ్ కో-పీఐగా ఉంటానన్నారు. మొత్తం బడ్జెట్ 58 లక్షలు. 40 పేజీలు 14 అయ్యాయి.

చిన్నోడి_అమ్మ గారూ, మీకొక పని. సామాన్యులకు అర్థమయ్యేలా రాసిన ఒక పేజీ, తల్లిదండ్రులకు ఇచ్చే ఫారం మీకు మెసేజ్‌లో పంపాను. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ మనసు నొచ్చుకుంటుందో చెప్తారా?

పాత_రివ్యూయర్
సోమవారం, ఉదయం 6:05

లక్ష్యాలు బాగున్నాయి. ఇప్పుడు ఎవరు చదివినా ఏం చేస్తారో, ఎందరితో చేస్తారో తెలుస్తుంది. ఎథిక్స్ కమిటీకి ఇవాళే పంపండి, అప్లికేషన్‌తోపాటు ఆ నంబర్ ఉంటే మంచిది. మొదటి పిల్లవాడిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (మన దేశంలో వైద్య అధ్యయనాలను నమోదుచేసే రిజిస్ట్రీ) రిజిస్టర్ చేయండి. పోయినసారి రివ్యూయర్లు అన్న మూడు మాటలకూ ఒక్కోదానికి రెండు వాక్యాల జవాబు రాసి జతచేయండి. వాదన వద్దు, ఏం మార్చారో చెప్పండి చాలు.

చిన్నోడి_అమ్మ
సోమవారం, మధ్యాహ్నం 12:40

మేడమ్, చదివాను. మా ఆయన చేత కూడా చదివించాను. అన్నీ అర్థమయ్యాయి. ఒక్కచోట మాత్రం మార్చండి. ఫారంలో "గత నెలలో మందు మానేశారా? అవును / కాదు" అని ఉంది. అది చూడగానే నాకు గుండె దడ వచ్చింది. ఎవరైనా "కాదు" దగ్గరే టిక్ పెడతారు. "గత నెలలో మందు వేయడం కుదరని రోజులు ఎన్ని?" అని పెట్టి పక్కన ఖాళీ వదలండి. కుదరకపోవడం అందరికీ ఉంటుంది కదా, అంకె రాయడానికి భయం ఉండదు.

తుంగభద్ర
గురువారం, రాత్రి 1:20

మార్చాను అమ్మా, మీరు చెప్పిన మాటలే ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. రెండో సెంటర్ ఉత్తరం, కో-పీఐ సంతకం, కాలేజీ అడ్వాన్స్ ఉత్తరం అన్నీ చేరాయి. ఇప్పుడే సబ్మిట్ నొక్కాను. రిఫరెన్స్ నంబర్ వచ్చింది.

ఆ ఏడేళ్ల పాప రేపు ఓపీకి వస్తుంది. ఈసారి వాళ్లమ్మని కొత్త ఫారంలో ఉన్నట్టే అడుగుతాను.